గ్రీస్‌లో ఏ చిన్న ద్వీపానికి వెళ్ళాలి? హాయిగా ఓ వారం గడపాలనుకునేవాళ్ళకు ఐదు ద్వీపాల పోలిక

సాంటోరిని వద్దు, మైకొనోస్ అసలే వద్దు, ఏదో ఒక చిన్న ద్వీపంలో వారం రోజులు ఏ ప్రోగ్రామూ పెట్టుకోకుండా పడుండాలి అని నిర్ణయించుకున్నాక అసలు తికమక మొదలవుతుంది. గ్రీస్‌లో మనుషులు ఉంటున్న ద్వీపాలే రెండొందలకు పైన ఉన్నాయి. ఫోటోల్లో చూస్తే సగం ఒకేలా కనిపిస్తాయి, తెల్ల గోడ, నీలం తలుపు, పక్కన కాగితం పూల తీగ. ఆ ఫోటో చూసి టికెట్లు కొనేస్తే మోకాళ్ళ నొప్పులున్న అమ్మను ఐదొందల మెట్ల ఊరికీ, ఈత రాని పిల్లలను రాళ్ళ మీంచి నేరుగా లోతు నీళ్ళలోకి దిగే చోటుకీ తీసుకెళ్ళినట్టవుతుంది.

ఇక్కడ నేను పోల్చేవి ఐదు: హైడ్రా, కుఫోనీసియా, ఫోలెగాండ్రోస్, సిమి, పాక్సోస్. ఐదూ చిన్నవే, ఐదింటిలోనూ విమానాశ్రయం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రిలాక్స్ అవ్వడానికి వెళ్తున్నప్పుడు ఏది ఎక్కువ అందంగా ఉంది అన్నది చివరి ప్రశ్న. అక్కడికి చేరడానికి ఎన్నిసార్లు బండి మారాలి, చేరాక రోజూ సముద్రం దగ్గరకు వెళ్ళడానికి ఎంత ఏర్పాటు చేసుకోవాలి, ఈ రెండూ మొదటి ప్రశ్నలు.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది ప్రయాణం. హైదరాబాద్ నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో ఏథెన్స్ చేరేసరికే ఒళ్ళు హూనం అవుతుంది. ఆ తర్వాత ఇంకో విమానం, ఇంకో ఓడ, ఇంకో బస్సు అంటే వచ్చేటప్పుడొక రోజు, పోయేటప్పుడొక రోజు గోవిందా. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల ఉండే మనవాళ్ళకు లెక్క వేరు, వేసవిలో వాళ్ళకు సిమి దగ్గరి పెద్ద ద్వీపం రోడ్స్‌కూ, పాక్సోస్ దగ్గరి పెద్ద ద్వీపం కోర్ఫూకూ నేరుగా విమానాలు దొరుకుతాయి.

రెండోది బీచ్. గ్రీస్ అంటే అంతా ఇసుక తీరమే అనుకుంటాం కానీ చాలా ద్వీపాల్లో గులకరాళ్ళే ఉంటాయి, కొన్నింటిలో అవీ ఉండవు, బండరాయికి బిగించిన నిచ్చెన పట్టుకుని నీళ్ళలోకి దిగాలి. ఈత బాగా వచ్చినవాళ్ళకు అది పండగే. మనలో చాలామందికి ఈత రాదు, నడుము లోతు నీళ్ళలో నిలబడి కబుర్లు చెప్పుకోవడమే మనకు సముద్ర స్నానం. అలాంటివాళ్ళు ఇసుక ఉన్న చోటే వెతుక్కోవాలి. గులకరాళ్ళ చోటుకైతే రబ్బరు వాటర్ షూస్ తప్పనిసరి.

మూడోది మెట్లు. పాత ఊళ్ళన్నీ కొండవాలు మీద కట్టినవే. గది బుక్ చేసే ముందు హోటల్‌వాళ్ళకు ఒక మెసేజ్ పెట్టి "రేవు నుంచి మీ గుమ్మం దాకా ఎన్ని మెట్లు" అని అడగండి. 'సీ వ్యూ' అని రాసి ఉంటే పైకి ఎక్కాల్సిందే అని అర్థం చేసుకోవాలి.

నాలుగోది గాలి, దీని గురించి మనవాళ్ళు ఎవరూ ఆలోచించరు. జూలై, ఆగస్టుల్లో ఈజియన్ సముద్రం మీద మెల్తెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. బాల్కన్ల మీద అధిక పీడనం, టర్కీ వైపు అల్పపీడనం, ఆ రెంటి మధ్య పుట్టే గాలి ఇది. మబ్బు ఉండదు, వాన ఉండదు, ఎండ ఫెళఫెళా కాస్తూనే ఉంటుంది, గాలి మాత్రం కొన్నిసార్లు వరసగా రోజుల తరబడి ఆగదు. ఎండ వేడిని తగ్గిస్తుంది కాబట్టి ఒక విధంగా వరమే. కానీ ఉత్తరం వైపు బీచుల్లో ఇసుక మొహాన కొడుతుంది, చిన్న ఓడలు ఊగిపోతాయి, గాలి మరీ పెరిగితే కోస్ట్ గార్డ్ ఓడలను రేవులోనే ఆపేస్తుంది. వేగంగా వెళ్ళే కాటమరాన్లు ముందు ఆగుతాయి, పెద్ద ఫెర్రీలు ఆ తర్వాత. సైక్లడీస్ దీవులకు, అంటే ఇక్కడ కుఫోనీసియా, ఫోలెగాండ్రోస్‌లకు ఈ దెబ్బ ఎక్కువ. పాక్సోస్ ఉండేది అయోనియన్ సముద్రంలో, అటు పడమర వైపు మెల్తెమి గొడవ లేదు, మధ్యాహ్నం పూట ఓ మోస్తరు గాలి వస్తుంది అంతే.

తిండి సంగతి కింద విడిగా చెప్తాను, అది అనుకున్నంత సమస్య కాదు.

| | హైడ్రా | కుఫోనీసియా | ఫోలెగాండ్రోస్ | సిమి | పాక్సోస్ |
|---|---|---|---|---|---|
| ఎలా చేరాలి | పిరేయస్ (ఏథెన్స్ రేవు) నుంచి వేగం ఓడలో గంటన్నర, 2 గంటలు | పిరేయస్ నుంచి 5 నుంచి 8 గంటలు, లేదా పక్కనున్న పెద్ద ద్వీపం నాక్సోస్ మీదుగా | వేగం ఓడలో పిరేయస్ నుంచి 4, 5 గంటలు, సాంటోరిని నుంచి గంట | రోడ్స్ నుంచి గంట, గంటన్నర | కోర్ఫూ నుంచి దాదాపు గంట |
| తీరం | ఎక్కువగా రాళ్ళు | మెత్తటి ఇసుక | ఇసుక, గులకరాళ్ళు కలిసి | గులకరాళ్ళు | తెల్ల గులకరాళ్ళు |
| మెట్లు | బాగా ఎక్కువ | దాదాపు లేవు | ఊళ్ళో తక్కువే, బీచ్ దారులు నిట్టనిలువు | చాలా ఎక్కువ | తక్కువ |
| వాహనం | ఉండనే ఉండదు | అక్కర్లేదు | బస్సు, పడవ | పడవ టాక్సీ, బస్సు | కారో పడవో ఉండాలి |
| జూలై, ఆగస్టు వాతావరణం | వేడి | గాలి | బాగా గాలి | బాగా వేడి | వేడి, గాలి తక్కువ |
| ఖర్చు | ఎక్కువ | ఆగస్టులో ఎక్కువ | మధ్యస్థం నుంచి ఎక్కువ | మధ్యస్థం | ఎక్కువ |

కుఫోనీసియా: ఏ పనీ చేయకూడదు అనుకునేవాళ్ళకు

నాక్సోస్‌కూ అమోర్గోస్‌కూ మధ్యన ఉండే చిన్న సైక్లడీస్‌లో ఇదొకటి. జనం ఉండే పై ద్వీపం, అంటే ఆనో కుఫోనీసి, విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. ఉన్నది ఒకటే ఊరు. ఓడ దిగి బ్యాగు లాక్కుంటూ నడిస్తే గది వచ్చేస్తుంది. మర్నాడు పొద్దున లేచి తీరం వెంట తూర్పుకు నడవడం మొదలుపెడితే వరసగా ఫీనికాస్, ఫానోస్, ఇటాలీదా బీచులు వస్తాయి. ఎక్కడ నచ్చితే అక్కడ తువ్వాలు పరుచుకోవచ్చు. గంట లోపు నడకలో చివరి బీచ్ పోరీ కూడా వచ్చేస్తుంది, మధ్యలో 'పిసీనా' అని రాతిలో సముద్రం తొలిచిన సహజమైన ఈత కొలను ఒకటుంది. నడవలేకపోతే ఊరి రేవు నుంచి బీచులకు చిన్న పడవలు తిరుగుతాయి. నీళ్ళు లేత ఆకుపచ్చ రంగులో, అంచున లోతు లేకుండా ఉంటాయి కాబట్టి ఈత రానివాళ్ళకూ చిన్న పిల్లలకూ ఈ ఐదింటిలో ఇదే బెస్ట్, పెద్ద తేడాతో.

ఇక ఇబ్బందులు. చెట్లు దాదాపు లేవు, నీడ కోసం గొడుగు కొనుక్కోవాలి లేదా టావెర్నాలో, అంటే అక్కడి చిన్న భోజన హోటల్లో కూర్చోవాలి. చూడ్డానికి గుళ్ళూ మ్యూజియాలూ కోటలూ ఏమీ ఉండవు. మూడో రోజుకే "ఇంకేముంది ఇక్కడ" అని అడిగే మనిషి మీతో ఉంటే వాళ్ళను వేరే చోటికి పంపండి. పెద్ద ఆసుపత్రి కావాలంటే నాక్సోస్‌కు పోవాల్సిందే, కాబట్టి మందులు వాడే పెద్దవాళ్ళుంటే ఆలోచించుకోవాలి. ఆగస్టులో ఇటలీవాళ్ళూ ఏథెన్స్ కుర్రకారూ దిగిపోతారు, అప్పుడు ఇంత చిన్న చోటు కిక్కిరిసిపోతుంది. ఊరికి దూరంగా ఉన్న బీచుల్లో కొందరు బట్టల్లేకుండా పడుకుంటారు, అది అక్కడ మామూలు విషయం, ఎవరూ పట్టించుకోరు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు ముందే తెలిస్తే మంచిదని చెప్తున్నా.

నాక్సోస్ నుంచి 'ఎక్స్‌ప్రెస్ స్కోపెలీటిస్' అనే చిన్న ఓడ ఈ దీవులన్నింటినీ పలకరించుకుంటూ వెళ్తుంది. దానికి మంచి పేరుంది, ప్రయాణం కూడా సరదాగానే ఉంటుంది, కానీ గాలి రోజున కడుపు తిప్పే రకం. వాంతులయ్యేవాళ్ళు పెద్ద ఫెర్రీకే టికెట్ తీసుకోండి.

హైడ్రా: ఏథెన్స్ నుంచి దగ్గరలో

పేరు చూసి హైదరాబాద్‌వాళ్ళు కంగారు పడకండి, ఈ హైడ్రాలో బుల్డోజర్లు లేవు సరికదా స్కూటర్లు కూడా లేవు. చెత్త లారీ లాంటివి తప్ప మోటారు వాహనాలన్నీ నిషేధం. సూట్‌కేసులు గాడిదల మీదో కంచర గాడిదల మీదో వెళ్తాయి, దూరం బీచులకు మనుషులు వాటర్ టాక్సీల్లో వెళ్తారు. వాహనాల మోత లేకపోతే చెవులకు ఎంత సుఖంగా ఉంటుందో మొదటి సాయంత్రమే తెలుస్తుంది.

దీని అసలు బలం దూరం. ఏథెన్స్ విమానాశ్రయం నుంచి పిరేయస్ రేవుకు మెట్రో నేరుగా వెళ్తుంది, దాదాపు గంట. అక్కడ ఓడ ఎక్కితే రెండు గంటల లోపు హైడ్రా. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకు ఇంతకంటే సులువైన చిన్న ద్వీపం ఈ ఐదింటిలో లేదు. పైగా చరిత్ర ఇష్టపడేవాళ్ళకు కాలక్షేపం ఉంటుంది. 1821 గ్రీకు స్వాతంత్ర్య యుద్ధంలో ఇక్కడి ఓడల యజమానులు తమ నౌకలతో పోరాడారు, రేవు చుట్టూ కనిపించే రాతి భవంతులు వాళ్ళవే. గాయకుడు లియొనార్డ్ కోహెన్ 1960లో ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాడు, ఇప్పటికీ దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు.

సముద్ర స్నానమే ముఖ్యం అనుకుంటే మాత్రం హైడ్రా నిరాశ పరుస్తుంది. ఊరి దగ్గర స్పీలియాలో రాళ్ళ మీంచి లోతు నీళ్ళలోకి దూకడమే. కమీని మీదుగా తీరం వెంట నడిచి వెళ్తే వ్లీఖోస్‌లో గులకరాళ్ళ బీచ్ ఉంది, ఇంకా దూరం బీచులకు పడవ ఎక్కాలి. శనివారం, ఆదివారం ఏథెన్స్ జనం, మిగతా రోజుల్లో మధ్యాహ్నం దాకా ఒక్కరోజు టూరిస్టులు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉండేలా వేసుకుంటే ఖర్చూ జనమూ రెండూ తగ్గుతాయి. నా లెక్కలో ఇది మూడు రాత్రుల ద్వీపం, వారానికి సరిపోదు.

సిమి: కళ్ళకు విందు, కాళ్ళకు శిక్ష

ఓడ గియాలోస్ రేవులోకి తిరిగే ఆ క్షణం కోసమైనా సిమి వెళ్ళొచ్చు. లేత పసుపు, గోధుమ, గులాబీ రంగుల ఇళ్ళు గ్యాలరీలో జనం కూర్చున్నట్టు కొండ మీదికంటా వరసలు కట్టి ఉంటాయి. సముద్రపు స్పాంజీలు తీసి అమ్మి, పడవలు కట్టి సంపాదించిన డబ్బుతో లేచిన ఊరు ఇది. పైన పాత ఊరు ఖోరియో, రెంటినీ కలిపేది కలీ స్త్రాతా అనే మెట్ల దారి, సుమారు 500 మెట్లు. యువ జంటలకు అది వ్యాయామం. తల్లిదండ్రులతో వెళ్తే రేవు మట్టంలోనే గది తీసుకోండి, లేదంటే ఇసుకా గులకరాళ్ళూ కలిసిన చిన్న బీచ్ ఉన్న పేదీలో.

రోడ్స్ నుంచి పొద్దున్నే బయల్దేరిన టూరిస్టు పడవలు మధ్యాహ్నానికి రేవు నింపేస్తాయి, సాయంత్రానికి అందరూ వెళ్ళిపోతారు. రాత్రి బస చేసేవాళ్ళకు ఊరంతా మిగులుతుంది. కాబట్టి పగలు పడవ టాక్సీ ఎక్కి ఏదైనా బీచ్‌కు వెళ్ళి, సాయంత్రం రేవుకు రావాలి. దక్షిణాన పనోర్మీతీస్ మఠం ఉంది, బస్సులోనో పడవలోనో వెళ్ళి రావచ్చు. రేవు చుట్టూ కొండలు ఉండటంతో గాలి అంతగా చొరబడదు, జూలై, ఆగస్టుల్లో పొయ్యి మీద కూర్చున్నట్టే. మనకు ఎండ అలవాటే అనకండి, ఎండలో మెట్లెక్కడం వేరు. ఏసీ లేని గది చవగ్గా వచ్చినా తీసుకోవద్దు.

ఫోలెగాండ్రోస్: జంటలకు, నడక ఇష్టపడేవాళ్ళకు

సాంటోరినిలో మనవాళ్ళు వెతుక్కునేది నిజానికి ఇక్కడ దొరుకుతుంది, నా ఉద్దేశంలో. సముద్రం మీద 200 మీటర్ల ఎత్తున కొండ అంచున ఖోరా ఊరు, లోపలికి కార్లు రావు, ఒకదానికొకటి ఆనుకుని చెట్ల కింద చిన్న చిన్న చౌకులు, వాటి నిండా టావెర్నా బల్లలు. సాయంత్రం అందరూ వంకర్లు తిరిగే తెల్ల దారి పట్టుకుని పైన పనాగియా చర్చికి సూర్యాస్తమయం చూడ్డానికి ఎక్కుతారు. క్రూయిజ్ ఓడల తాకిడి లేదు.

బీచ్ విషయానికొస్తే ప్రతి రోజూ ఒక ప్లాను కావాలి. అగాలీకి బస్సుంది. కటెర్గో అందమైనదే కానీ పడవలోనో, ఎండలో కొండ దారి దిగో చేరాలి, అక్కడ నీడా లేదు, కొట్టూ లేదు. గాలి గట్టిగా ఉన్న రోజు పడవలు నడవవు. అంటే ఆగస్టులో ఒకటి రెండు రోజులు ఊళ్ళోనే గడిచిపోయే అవకాశం ఉంది. పుస్తకం పట్టుకుని కూర్చునేవాళ్ళకు పర్లేదు, పిల్లలున్నవాళ్ళకు చిరాకు.

పాక్సోస్: డబ్బు కాస్త ఎక్కువున్నా పర్లేదంటే

ఇది మిగతా నాలుగింటిలా ఉండదు. తెల్ల ఇళ్ళు ఉండవు, ద్వీపమంతా ఆలివ్ తోటలే, వెనిస్ వాళ్ళ పాలనలో పెంచినవి. గాయోస్, లోగోస్, లక్కా అని మూడు రేవు ఊళ్ళు. తోటల మధ్య ఇల్లు అద్దెకు తీసుకుని, ఒక చిన్న మోటారు పడవ కూడా తీసుకుని (30 హార్స్‌పవర్ దాకా లైసెన్స్ అక్కర్లేదు) తీరం చుట్టూ తిరగడం ఇక్కడి పద్ధతి. పక్కనే ఉన్న ఆంటిపాక్సోస్‌లో వూతూమీ బీచ్ నీళ్ళు చూస్తే స్విమ్మింగ్ పూల్ అనిపిస్తుంది. రెండు మూడు కుటుంబాలు కలిసి ఇల్లు పంచుకుంటే ఖర్చు గిట్టుబాటవుతుంది, ఇద్దరే వెళ్తే మోత.

శాకాహారులకు ఏం దొరుకుతుంది

చాలానే దొరుకుతుంది. 'ఫావా' అని పసుపు రంగు పప్పును మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు, మన ముద్దపప్పుకు దూరపు చుట్టం. జీగాంతెస్ అనే పెద్ద చిక్కుడు గింజల కూర, బ్రియామ్ అనే వంకాయ, బంగాళాదుంప కలిపి కాల్చినది, గుమ్మడి జాతి కాయతో చేసే వడలు, ఇవన్నీ ప్రతి టావెర్నాలో ఉంటాయి. ఫోలెగాండ్రోస్‌లో చేత్తో చేసే మట్సాతా అనే పాస్తా ప్రత్యేకం, మామూలుగా కోడిపుంజు, కుందేలు మాంసంతో పెడతారు, టమాటా సాస్‌తో ఇమ్మంటే ఇస్తారు. టమాటాల్లో అన్నం కూరిన గెమిస్తాలో కొందరు కీమా కలుపుతారు, అడిగి తీసుకోండి. మాంసాహారులు సిమిలో పెంకుతో సహా వేయించిన చిట్టి రొయ్యలు వదలొద్దు. తాజా చేప చాలాచోట్ల కిలో లెక్కన ధర కడతారు, తూచి రేటు చెప్పాకే వండమనండి.

కారం మాత్రం ఎక్కడా ఉండదు. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్ళండి, నెయ్యి సీసా మాత్రం పెట్టకండి, యూరోపియన్ యూనియన్‌లోకి బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళడానికి లేదు.

మరి ఎవరు ఎక్కడికి

చిన్న పిల్లలున్న కుటుంబం అయితే కుఫోనీసియా, రెండో ఆలోచన వద్దు. అమ్మానాన్నలతో అయితే నిజం చెప్పాలంటే ఈ ఐదింటిలో పాక్సోస్ ఒక్కటే హాయి, అది బడ్జెట్‌కు మించితే చిన్న ద్వీపం అన్న పట్టుదల వదిలేసి నాక్సోస్ వెళ్ళండి. అది సైక్లడీస్‌లో పెద్దదే కానీ విమానాశ్రయం ఉంది, అగియోస్ ప్రొకోపియోస్ లాంటి పొడవాటి ఇసుక బీచులున్నాయి, బంగాళాదుంపలకూ జున్నుకూ పేరున్న ఊరు, డాక్టరూ దొరుకుతాడు. కొత్త దంపతులు ఫోలెగాండ్రోస్, సాంటోరిని చూడకుండా రాలేం అంటే అక్కడ రెండు రాత్రులు ఉండి ఇటు వచ్చేయండి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకూ, నాలుగు రోజులే సెలవున్నవాళ్ళకూ హైడ్రా. ఫోటోలు తీసే పిచ్చి ఉండి కాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకు సిమి.

ఒకే ట్రిప్పులో రెండు ద్వీపాలు కలపొచ్చా అంటే, పది రోజులుంటే కలపండి. వారమే ఉంటే ఒక్కచోటే ఉండండి, ఓడ మారిన ప్రతిసారీ సెలవులోంచి అర రోజు పోతుంది.

ఎప్పుడు, ఏది ముందు బుక్ చేయాలి

మన ఆంధ్ర, తెలంగాణ స్కూళ్ళు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి పిల్లలున్నవాళ్ళకు మే చివరి వారం, జూన్ మొదటి వారం కుదురుతుంది. నిజానికి ఇది అదృష్టమే. గది అద్దెలు ఆగస్టు కంటే బాగా తక్కువ, మెల్తెమి ఇంకా ఊపందుకోదు, జనం పలచగా ఉంటారు. సముద్రం కాస్త చల్లగా ఉంటుంది, మొదటి మునక దాకానే ఆ బాధ. దసరా సెలవులు సెప్టెంబరు చివర్లో పడిన ఏడు ఇంకా మంచిది, అప్పటికి నీళ్ళు వెచ్చగా ఉంటాయి. ఆగస్టు 15 అటూ ఇటూ వారం మాత్రం పెట్టుకోకండి, అది గ్రీకులకు మేరీమాత పెద్ద పండగ, దేశం దేశమంతా దీవులకు కదులుతుంది, ఓడల్లో చోటుండదు.

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు షెంజెన్ వీసా కావాలి, అమెరికాలో గ్రీన్ కార్డు ఉన్నా సరే. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా దరఖాస్తు పెట్టొచ్చు, పెద్దవాళ్ళకు ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద టెన్షన్, కాబట్టి ముందు ఆ స్లాట్ చూసుకుని, డబ్బు వెనక్కి ఇచ్చే షరతుతో గది బుక్ చేసి, ఓడ టికెట్లు తర్వాత తీసుకోండి. ఫెర్రీహాపర్ లాంటి యాప్‌లలో అన్ని కంపెనీల ఓడలూ ఒకేచోట కనిపిస్తాయి. గది అద్దె కాకుండా హోటల్ స్టార్లను బట్టి రాత్రికి 2 నుంచి 15 యూరోల దాకా ప్రభుత్వ ఫీజు విడిగా కట్టాలి, బుకింగ్ ధరలో అది చాలాసార్లు కనిపించదు.

ఇంకొక్కటి. తిరుగు విమానం ఉన్న రోజు ద్వీపం నుంచి బయల్దేరేలా ఎప్పుడూ ప్లాన్ చేయకండి, ముందు రోజే ఓడ ఎక్కి ఆఖరి రాత్రి ఏథెన్స్‌లోనో, రోడ్స్ లేదా కోర్ఫూలోనో గడపండి. గాలికి ఓడ ఆగిపోతే టికెట్ డబ్బులు వెనక్కొస్తాయి, తప్పిపోయిన విమానానికి మాత్రం ఓడ కంపెనీ బాధ్యత తీసుకోదు.